సూ లాకుల దగ్గర మా వియ్యపురాలు

అందరూ అక్కడికి ఓడలు చూడ్డానికి వెళ్తారు. నేనూ అందుకే వెళ్ళాను. కానీ వెళ్ళిన దగ్గర్నుంచీ నా కళ్ళు ఓడల మీద కంటే మా వియ్యపురాలి మీదే ఎక్కువ ఉన్నాయి. ఆవిడ ఎవరి పక్కన కూర్చుంది, మనవరాలు ముందు ఎవరిని పిలిచింది, మా అమ్మాయి తాగిన నీళ్ళ సీసా ఎవరి చేతికిచ్చింది, ఇదే నా కాపలా. ఇంత వయసొచ్చి ఇదేం బుద్ధి అనుకుంటే అనుకోండి. కుళ్ళంటే కుళ్ళే. దానికి ఇంకో మంచి పేరు పెట్టి చెప్పడం నాకు చేతకాదు.

మా అమ్మాయి వాళ్ళు మిషిగన్‌లో ట్రాయ్‌లో ఉంటారు. అల్లుడు కార్ల కంపెనీలో ఇంజనీరు. వాళ్ళది కరీంనగర్ వైపు, మాది కోనసీమ. ఇద్దరూ అమెరికాలో చదువుకుంటున్నప్పుడు ఇష్టపడ్డారు, మేం అక్షింతలు వేశాం. వాళ్ళకి ఐదేళ్ళ పాప. ఈ ఏడు చలి ఇంకా వదలక ముందే ఓ రోజు మా అమ్మాయి వీడియో కాల్ చేసి, "అమ్మా, మళ్ళీ నెల తప్పిందే" అంటూనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బాత్రూంలోకి పరిగెత్తింది. ఫోన్ బల్ల మీదే ఉంది. నాకు సీలింగ్ ఫ్యాన్ కనిపిస్తోంది, లోపల్నుంచి దాని వాంతులు వినిపిస్తున్నాయి. ఇక నేను ఆగుతానా? వారం తిరక్కుండా వెళ్ళి వాలాను.

ఎయిర్‌పోర్ట్‌లో ఆఫీసరు ఆరు నెలలకి స్టాంపు కొట్టాడు. అప్పుడు నాకు లెక్కలు చూసుకునే బుర్రెక్కడిది? అమ్మాయి మంచినీళ్ళు తాగినా కక్కుతోంది. చారన్నం నోటికందించడం, వీపు రాయడం, తాలింపు వాసన పడదంటే నేను గరాజ్‌లో స్టవ్ పెట్టుకుని వండడం, ఇలాగే గడిచాయి నా నెలలన్నీ. అది లేచి తిరుగుతూ, "అమ్మా, గుత్తొంకాయ చెయ్యవే" అని అడిగే రోజులొచ్చేసరికి నా ఆరు నెలలూ దగ్గరపడ్డాయి. దానికి ఎనిమిదో నెల. నేను విమానం ఎక్కాక బిడ్డ పుడుతుంది.

అప్పుడెవరుంటారు? ఆవిడ. అక్కడ మనవాళ్ళ ఇళ్ళలో ఇదే పద్ధతి. ఆరు నెలలు అమ్మ, ఆరు నెలలు అత్త. పార్కులో కలిసిన పెద్దవాళ్ళంతా షిఫ్టు డ్యూటీ అని నవ్వుకుంటారు. వేవిళ్ళు నా షిఫ్టులో పడ్డాయి, కాన్పు ఆవిడ షిఫ్టులో పడింది.

పోనీ మొదటిదన్నా నేను చేశానా అంటే అదీ లేదు. మొదటి కాన్పు పుట్టింటివాళ్ళది, ఇది లోకమంతా ఒప్పుకున్న మాట. సరిగ్గా అప్పుడే మావారికి గుండె ఆపరేషన్ పడింది. ఆసుపత్రి వరండాలో నిలబడి ఫోన్‌లోనే మనవరాలి మొహం చూశాను. మా అమ్మాయి నన్ను చూసి భోరుమంది, నేనూ భోరుమన్నాను, ఇంతలో నర్సు వచ్చి మావారికి మందు వెయ్యాలంటే కట్ చేశాను. పురుడు పోసింది, ఉగ్గు పట్టింది, లాలపోసింది అన్నీ ఆవిడే. అందుకే మా మనవరాలు "వస్తది, పోతది" అంటుంది. నేను ఈ ఆరు నెలలూ "వస్తుంది అనాలమ్మా" అని దిద్దుతూనే ఉన్నాను. "ఓకే అమ్మమ్మా, వస్తది" అంటుంది.

ఈసారి మాత్రం వదలకూడదనుకున్నాను. బయల్దేరేటప్పుడే కాయం పొడి చేసుకుని పట్టుకెళ్ళాను. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, వాము, ఇంకా ఓ పది రకాలు నేనే దంచి, నేనే జల్లించి, స్టీలు డబ్బాలో పోసి మూత చుట్టూ టేపు వేశాను. బెల్లం పాకంలో నెయ్యి వేసి దాన్ని ముద్ద చేసి బాలింతకి మొదటి ముద్ద తల్లి పెట్టాలి. మా అమ్మ నాకు పెట్టింది. ఆ డబ్బా నా సూట్‌కేసు అడుగున చీరల మధ్య ఉంది. ఆవిడ దిగిన రోజు దాని మీద ఇంకో రెండు చీరలు కప్పాను.

ఉండడానికి దారి లేకపోలేదు. అల్లుడే చెప్పాడు. "ఎక్స్‌టెన్షన్ ఫైల్ చేయొచ్చు అత్తమ్మా. ఆన్‌లైన్‌ల అప్లై చేసి టికెట్ పోస్ట్‌పోన్ చేస్తే అయిపోతది. మీరు, మీ బిడ్డ ఏమనుకుంటే అది" అన్నాడు. నేను మా అమ్మాయి వైపు చూశాను. అది ఏదో గిన్నె కడుగుతోంది. కడిగిన గిన్నే మళ్ళీ కడిగింది కానీ ఉండమ్మా అనలేదు. నేనే ఉంటానని ఎలా అంటాను? పిలవాలి కదా! ఆ మాట కోసం నేను రోజూ పొద్దున్నే కాఫీ కలిపి దాని ఎదురుగా కూర్చుని ఎదురుచూశాను. అది వాతావరణం గురించి మాట్లాడేది.

ఇక ఈ సూ లాకుల సంగతి. ట్రాయ్ నుంచి ఉత్తరంగా ఒకే రోడ్డున పోతే, ఆ రోడ్డు అయిపోయే చోట సూ అనే ఊరు. ఎగువ సరస్సుకీ దిగువ సరస్సుకీ మధ్య కాలువ, కాలువలో లాకులు, వాటిలోంచి దిగే పెద్ద పెద్ద ఓడలు. అవతలి గట్టు కెనడా. అల్లుడు ఎప్పుడో మాటల్లో చెబితే నాకు ప్రాణం లేచొచ్చింది. నేను పుట్టింది లాకుల పక్కన. మా నాన్న ఇంటి దొడ్డిగోడ దాటితే గోదావరి కాలువ గట్టు, గట్టు మీద లాకులు. ధాన్యం పడవలు, కొబ్బరికాయల పడవలు అక్కడాగి నీళ్ళు సమానమయ్యేదాకా వంట చేసుకునేవాళ్ళు. లాకు తలుపు తెరవడానికి పెద్ద దూలం ఉండేది. పిల్లలందరం దానికి వీపులు ఆనించి తోసేవాళ్ళం. నేను తీసుకెళ్ళమని అడగని నెల లేదు. వాంతులన్నారు, ఆఫీసులో రిలీజ్ అన్నారు, పాప స్విమ్మింగ్ క్లాసన్నారు. సరే, పిల్లలకి కుదరాలి కదా అని ఊరుకున్నాను.

ఆవిడ దిగిన వారానికే లాంగ్ వీకెండ్ వచ్చింది. "అమ్మ కూడా వచ్చింది కదా, అందరం కలిసి సూ లాక్స్ పోదాం" అన్నాడు అల్లుడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆర్నెల్లు నేనడిగితే దొరకని తీరిక ఆవిడ బ్యాగులు విప్పకముందే దొరికింది! ఎనిమిదో నెలలో పొలిమేర దాటకూడదని నేనంటే, "ఏంగాదు వదినే, డాక్టరమ్మ పోవచ్చన్నదట. నడుమ నడుమ దిగి నడిస్తే సరిపాయె" అని తేల్చేసింది. నన్ను నువ్వంటుంది ఆవిడ. మా వైపు వియ్యపురాళ్ళు చచ్చేదాకా మీరు, వదినగారు దాటరు. నేను ఆవిణ్ణి మీరంటాను, గట్టిగా, వినపడేలా.

కార్లో ముందు సీట్లో అమ్మాయి, వెనక ఇద్దరం, మధ్యలో కార్ సీట్లో మనవరాలు. తెల్లారకుండా లేచి నేను పులిహోర కలిపాను. నిమ్మకాయది కాదు, చింతపండుది, ఇంగువ వేసి, జీడిపప్పు వేసి. ఆవిడ తన ఊళ్ళో చేసి తెచ్చిన సకినాల డబ్బా ఒళ్ళో పెట్టుకుంది. రెస్ట్ ఏరియాలో ఆగి మూతలు తీశాం. పాప పులిహోర వైపు ఓ చూపు చూసి, "ఇట్స్ స్పైసీ" అని రెండు చేతులా సకినాలు పట్టుకుంది. మా అమ్మాయి కూడా ఓ సకినం విరుచుకుని నములుతూ, "ఎన్నాళ్ళైందో అత్తయ్యా" అంది. నా పులిహోర నేనే తిన్నాను. చాలా బాగుంది కూడాను.

మాకినా వంతెన మీద మాత్రం నాకు కాస్త ఊరట దొరికింది. సముద్రం లాంటి నీళ్ళ మీద మైళ్ళ పొడుగు వంతెన. మేం వెళ్ళే వరసలో కింద ఇనపజల్లెడ, టైర్ల కింద ఒకటే రొద. ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని, పాప మీంచి చెయ్యి చాచి నా చెయ్యి పట్టుకుంది. "అయిపాయెనా వదినే?" అని రెండుమూడుసార్లు అడిగింది. అయిపోవచ్చినా నేను, "ఇంకా చాలా ఉందండి" అన్నాను.

లాకుల దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నం అయింది. కాలువ వెంట పార్కు, కంచె, మెట్లు మెట్లుగా ఎక్కి చూసే తిన్నెలు. పార్కు ఆఫీసులో ఓ బోర్డు మీద ఏ ఓడ ఎప్పుడొస్తుందో రాసి పెడతారు. జనం మడత కుర్చీలు తెచ్చుకుని రథం కోసం చూసినట్టు చూస్తున్నారు. మా పక్కన కూర్చున్న తెల్లావిడ పాపని ముద్దుచేస్తూ, మా వియ్యపురాలిని చూపించి మీ గ్రాండ్మానా అని అడిగింది. పాప అవునని తలూపి, నా వైపు వేలు చూపించి, "అండ్ దట్స్ మై అదర్ గ్రాండ్మా" అంది.

అదర్! నేను అదర్! దానికి వచ్చిన జలుబుకల్లా మిరియాల పాలు కాచింది నేను, ఈ ఆరు నెలలూ జడలు వేసింది నేను. ఆవిడొచ్చి వారమే అయింది, ఆవిడ గ్రాండ్మా, నేను ఇంకొకావిణ్ణి. నవ్వాను. ఆ తెల్లావిడకి నా పళ్ళు కనిపించాయి, అంతే.

అప్పుడొచ్చింది ఓడ. అమ్మో, ఏం ఓడండీ! వెయ్యడుగుల పొడుగట. ఎగువ సరస్సు నుంచి ఇనపరాయి నింపుకుని వస్తోంది. మాకు దగ్గరున్న లాకు ఖాళీగా ఉంది, దాని పక్క లాకులోకి దూరింది. ఇటు మూరెడు, అటు మూరెడు సందు. ఆ సందులోంచి గోడకి ఎక్కడా రాసుకోకుండా అంతటి ఇనప మేడ మెల్లగా జరిగి వస్తుంటే జనం ఊపిరి బిగబట్టారు. వెనక తలుపులు మూసుకున్నాయి. కాసేపు ఏమీ జరగలేదు. పాపకి విసుగొచ్చింది. "నాన్నా, ఇట్స్ స్టక్" అంది. అల్లుడు ఫోన్ తీసి వీడియో వెతకడం మొదలెట్టాడు.

నేను పాప భుజం పట్టుకుని, "ఇలా రా. ఆ ఓడ మీది తెల్ల మేడ చూడు. దాని వెనక చెట్టు కొమ్మ కనిపిస్తోందా? ఇప్పుడా మేడ కిటికీ ఆ కొమ్మకంటే పైన ఉంది. చూస్తూ ఉండు" అన్నాను. చూసింది. కిటికీ కొమ్మ దాకా వచ్చింది, తర్వాత కొమ్మ కిందికి పోయింది.

"అమ్మమ్మా! ఇట్స్ గోయింగ్ డౌన్!"

"అవును. నువ్వు స్నానం చేసి టబ్ మూత తీస్తే నీ బాతు ఏమవుతుంది?"

"కిందకి వస్తది."

"ఇదీ అంతే. అటు సరస్సు ఎత్తులో ఉంది, ఇటు సరస్సు పల్లంలో ఉంది. మధ్యలో ఇది టబ్బు."

"మోటర్ ఎక్కడ ఉంది?"

"నీళ్ళకి మోటారు లేదు. మూత తీస్తే వాటంతటవే పల్లానికి పోతాయి. మళ్ళీ పైనున్న మూత తీస్తే వాటంతటవే నిండుతాయి."

పాప నోరు తెరుచుకుని నన్ను చూసింది. "అమ్మమ్మా, హౌ డూ యూ నో?" అంది. మా ఇంటి వెనక ఇలాంటివే ఉండేవని, నీ అంత ఉన్నప్పుడు నేను తలుపులు తోసేదాన్నని చెప్పాను. అది నా ఒళ్ళోకెక్కి కూర్చుంది. ఆరు నెలల్లో అలా తనంతట తనొచ్చి నా ఒళ్ళో కూర్చోవడం అదే మొదలు. "రెండు షిప్స్ ఒక్కసారి పోవా?" అని అడిగింది. పోవు, ఒకటి పోయేదాకా ఇంకోటి ఆగాలి, మా ఊళ్ళో పడవల వాళ్ళు నేను ముందంటే నేను ముందని కొట్టుకునేవాళ్ళని చెప్పాను. ఓరకంట చూశాను. ఆవిడ వింటోంది. "నీకు మస్తు ఎరుకున్నది వదినే" అంది. నేను ఏదో పెద్ద విషయం కానట్టు చీర కొంగు సర్దుకున్నాను. లోపల మాత్రం బాజాలు మోగుతున్నాయి.

ముందు తలుపులు తెరుచుకుని ఓడ బయటికి కదిలింది. పోతూ పోతూ కూత పెట్టింది, మూడు పొడుగువి, రెండు పొట్టివి. గుండెల్లో అదిరింది. పాప చెవులు మూసుకుని నవ్వుతోంది. సరిగ్గా అప్పుడే, మెట్టు మీద కూర్చున్న మా అమ్మాయి రెండు చేతులతో పొట్ట పట్టుకుని ముందుకి వంగింది.

"అయ్యో, నా తల్లీ!" నా గొంతు నాకే కొత్తగా వినపడింది. పాపని ఒళ్ళోంచి దించేసి పరిగెత్తాను. "నొప్పులేనా? ఎనిమిదో నెల్లో వద్దంటే విన్నారా? ఇంత దూరం తీసుకొస్తావా బాబూ? అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యి!" అని అల్లుణ్ణి పట్టుకుని ఏడుస్తూ అరుస్తున్నాను. జనమంతా ఓడని వదిలేసి మమ్మల్ని చూస్తున్నారు. పాప కూడా ఏడుపందుకుంది.

ఆవిడ లేచి వచ్చింది. అరవలేదు, పరిగెత్తలేదు. అమ్మాయి ఎదురుగా కింద కూర్చుని, "బిడ్డా, ఇటు నా దిక్కు చూడు. ఊపిరి తీస్కో. ఇడువు. మల్ల తీస్కో" అంది. ఓ చెయ్యి పొట్ట మీద పెట్టి చూసింది. నీళ్ళు తాగించింది. కొడుకుతో, "ఏంగాలే, నువ్వు పిల్లను ఎత్తుకో" అంది. కాసేపటికి అమ్మాయి మొహం విప్పారింది. "పొట్ట బిగుసుకుంది అత్తయ్యా, పోయింది. అప్పుడప్పుడు వస్తుందని డాక్టర్ చెప్పింది" అంది. తర్వాత నా వైపు తిరిగింది. నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని నిమురుతూ, "ఏం కాలేదమ్మా. నాకేం కాలేదు. ఏడవకు, కూర్చో" అంది.

ఆ బిగువు మళ్ళీ రాలేదు. అయినా ఓసారి డాక్టర్‌కి ఫోన్ చేసి అడిగారు. నీళ్ళు తాగి కూర్చోమంది. ఆవిడా అల్లుడూ పాపని ఐస్‌క్రీమ్‌కి తీసుకెళ్ళారు. నేనూ అమ్మాయీ మిగిలాం. ఖాళీ లాకులో నీళ్ళు నల్లగా, కదలకుండా ఉన్నాయి. ఇంకెప్పుడడుగుతాను? అడిగేశాను.

"నన్ను ఉండమనవేం?"

అది తలొంచుకుంది.

"మీ ఆయన అప్లై చేస్తానంటున్నాడు. మీ నాన్న హోటల్ ఇడ్లీ తింటూ ఇంకో రెండు నెలలు బతకలేడా? మొదటిదానికి లేను. దీనికి కూడా లేకపోతే నేనేం తల్లినే?"

"వద్దమ్మా."

"ఏం వద్దు?"

"నువ్వు వెళ్ళమ్మా. కాన్పుకి అత్తయ్య ఉంటారు." గొంతు చిన్నగా ఉంది కానీ వణకలేదు. చాలా రోజుల్నుంచి లోపల చెప్పుకున్న మాటలా ఉంది. "నొప్పులొచ్చినప్పుడు నువ్వు పక్కనుంటే నేను నిన్ను చూసుకోవాలి. వాంతులప్పుడు నేను లోపల కక్కుతుంటే నువ్వు తలుపు బయట ఏడ్చేదానివి. నేను కడుక్కుంటూ, ఏం కాలేదమ్మా, ఏం కాలేదమ్మా అని అరిచేదాన్ని. గుర్తుందా? ఇందాక కూడా అంతేగా. నాకప్పుడు ఓపిక ఉండదమ్మా. నువ్వు ఏడిస్తే నేను తట్టుకోలేను."

ఏదైనా అనాలని చూశాను. నేను వెళ్తే వంట ఎవరు చేస్తారంటే ఆవిడ చేస్తుంది. పాపని ఎవరు చూస్తారంటే ఆవిడ చూస్తుంది. అన్నిటికీ ఆవిడుంది. "సరేలే" అన్నాను. "సరే" అని మళ్ళీ అన్నాను. అది నా భుజం మీద తల పెట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే అది మళ్ళీ ఓదారుస్తుందని మింగేశాను. మింగడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది నాకు.

వాళ్ళు తిరిగొచ్చాక అమ్మాయి కాళ్ళు సాగడానికి అల్లుడితో, పాపతో కంచె వెంట నడుస్తానంది. ఆవిడ వచ్చి నా పక్కన కూలబడింది. దిగువ నుంచి ఇంకో ఓడ వస్తోంది, ఖాళీది. ముందు మాకు దాని నెత్తి మాత్రమే కనిపించింది.

"ఏడ్చినవా వదినే?"

"లేదండి. గాలికి కళ్ళు మండుతున్నాయి."

ఆవిడ కొంగు భుజం మీదికి లాక్కుంది. తర్వాత ఓడ వైపే చూస్తూ అంది, "నాకు నిన్ను చూస్తే కడుపుల కాలుతది, ఎరుకేనా?"

నేను తప్పు విన్నానేమో అనుకున్నాను.

"మొదటి కాన్పప్పుడు రాత్రంత నొప్పులు పడ్డది పిల్ల. నేను పక్కనే ఉన్న. పండ్లు బిగబట్టింది గని కండ్ల నీళ్ళు తియ్యలే. మంచిగనే ఉన్నదనుకున్న, నా కోడలు ధైర్యంగలదని. పొద్దుగాల నా కొడుకు ఫోన్ చేసిండు. నువ్వు ఫోన్ల కనవడంగనే బోరుమని ఏడ్చె. రాత్రి సంది దాచుకున్నదంత నీకు వెట్టె. నేను బయటికి పోయి నిలవడ్డ." ఆవిడ ముక్కు తుడుచుకుంది. "ఇందాక సుత అంతే. నీళ్ళు తాపింది నేను. చెయ్యి వట్టుకున్నది నీది. ఆరేండ్లాయె, నన్ను అత్తయ్యా మీరు అంటది. నిన్ను ఒసేయ్ అమ్మా అంటది. నేనేం చేస్తే నన్నట్ల అంటది, చెప్పు?"

పాపం అనిపించాలి కదా ఎవరికైనా? నాకు ముందు సంతోషమేసింది. ఒళ్ళంతా హాయిగా పాకింది ఆ సంతోషం. ఆవిడకీ కుళ్ళే! అదీ నన్ను చూసి! ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే కాలుతున్నాననుకున్నాను. పాపం అనిపించడం తర్వాతెప్పుడో మొదలైంది, అదీ కొంచెమే. మా ఎదురుగా ఓడ లేస్తూ లేస్తూ అవతలి కెనడా గట్టుని పూర్తిగా మూసేసింది. దాని మీదున్న పనివాళ్ళు చేతులూపారు. మేమిద్దరం కూడా ఊపాం.

ఇంటికొచ్చాక నా సూట్‌కేసు సర్దుకుంటూ ఆ డబ్బా పైకి తీశాను. తీసి చాలాసేపు ఒళ్ళో పెట్టుకున్నాను. తిరిగి పట్టుకుపోదామనే అనుకున్నాను, అబద్ధమెందుకు? చివరికి వంటింట్లోకి వెళ్ళి ఆవిడ ముందు పెట్టాను. బెల్లం పాకం ఎంత రావాలో, నెయ్యి ఎప్పుడు పొయ్యాలో చెప్పాను. "మా దిక్కు కూడ చేస్తం వదినే" అంది. "మీ దిక్కు చేసింది మీరు తినండి. మా అమ్మాయికి ఇది పెట్టండి" అన్నాను. నవ్వింది. మొదటి ముద్ద పెట్టేటప్పుడు నాకు ఫోన్ చెయ్యమన్నాను. చేస్తానని నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

నేను వచ్చేశాక బిడ్డ పుట్టాడు. మగపిల్లాడు. మాకు పొద్దున్న కాఫీల వేళ. మావారు ఫోన్ పట్టుకుని నా దగ్గరికి పరిగెత్తుకొచ్చారు. తెరమీద ముందు ఓ స్టీలు గిన్నె కనిపించింది, అందులో నల్లటి కాయం ముద్ద. దాన్ని పట్టుకున్న చేతికి ఆవిడ గాజులు. ఆ చెయ్యి గిన్నె పక్కన పెట్టేసి ఫోన్‌ని తిప్పింది. మా అమ్మాయి మొహం వచ్చింది. చెదిరిన జుట్టు, ఎండిన పెదాలు, పొడి కళ్ళు. నన్ను చూసింది. ఒక్క క్షణం. అంతే, "అమ్మా!" అని భోరుమంది.

ఫోన్ మా అమ్మాయి మొహం మీంచి కదల్లేదు. పట్టుకున్నది ఆవిడే. ఆవిడ మొహం నాకు కనిపించలేదు, కనిపించనివ్వలేదు కూడా.

నాకు లోపల్నుంచి ఏడుపు తన్నుకొచ్చింది. పక్కన మావారు అప్పటికే కళ్ళు తుడుచుకుంటున్నారు. నేను ఆయన చెయ్యి గట్టిగా గిల్లి, తెరకి దగ్గరగా జరిగి నవ్వాను. "ఏం కాలేదమ్మా. ఏం కాలేదు. ఏడ్చెయ్, నేను చూస్తున్నాగా. ఆ ముద్ద వేడి చల్లారకముందే తినాలి. నోరు తెరు. వదినగారూ, పెట్టండి" అన్నాను.